క్రికెట్టు వాదములును, పొగ మానుటయును

నంద్యాల చుట్టుపట్లనున్న నల్లరేగడి నేలలకు ప్రత్తి, జొన్న, సెనగలతోడనే కాక పొగాకుతోడను చిరకాలపు చుట్టరికము గలదు. ఇచ్చటి వ్యవసాయ పరిశోధనా స్థానము 1906వ సంవత్సరమున వెలసినది. బీడీ పొగాకును గూర్చిన పరిశోధనయు నందు జరుగుచుండును. పంట వాకిటనే పండుచుండగా పొగ మాత్రము పొరుగూరికి పోవునా? బడిపంతుళ్లు మొదలు బండ్లు తోలువారి వఱకు మగవారి జేబులలో కట్టయో పెట్టెయో యుండుట మేము చిన్ననాటినుండి చూచుచున్న సంగతియే.

మగవారు నలువురు కూడినచోట పొగతోపాటు పుట్టునది క్రికెట్టు చర్చ. ఈ రెంటిలో నొకటి రెండవదానిని వెళ్లగొట్టుట యెట్లు సంభవించినదో సోదరీమణులకు దెలుపుటకే యీ నాలుగు మాటలు. ఆ యాటకు మేము పెద్ద భక్తులము కాము. అయినను జరిగిన మేలును మేలనక తప్పదు.

మా వారు ఉపాధ్యాయులు. సాయంకాలమున మా యింటి యరుగుమీద వారి సహోద్యోగు లిద్దఱు, ఎదురింటి బట్టల వర్తకుడు, రైల్వేలో పనిచేయు నొకరు కూడుట వాడుక. ఇచ్చటికి సుమారు 40 కిలోమీటర్ల దూరమున ఆళ్లగడ్డలో మా వారి బాల్యమిత్రుడొక శిల్పి యున్నాడు. ఆయనయొద్ద పనిచేయువా రిద్దఱు. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన విగ్రహములు దూరదేశపు దేవాలయములకును పోవుట చదువరు లెఱిగినదే. ఈ రెండూళ్లవారును రాత్రి యెనిమిదింటికి ఫోనులో గలిసికొని, వీథి చివరకు వినబడునట్లు వాదించుకొందురు. వాదమంతయు జట్టులోనికి కొత్తగా వచ్చిన కుఱ్ఱవారిని గూర్చియే. పాతవారి విషయమున తగవేమున్నది? వారి లెక్కలు వ్రాసియే యున్నవి. కొత్తవాడు నిలుచునా, నిలువడా యన్నచోటనే ప్రతివాడును జోస్యుడగును.

2024 నవంబరులో శిల్పికి దగ్గు ముదిరినది. ఎగువ అహోబిలము మెట్లెక్కబోయి మూడుచోట్ల కూర్చుండెనట. రాతిని కోయునపుడు లేచెడు సన్నని ధూళి ఊపిరితిత్తులలో జేరి వానిని గట్టిపఱచును. అట్టి చోటికి పొగయు దోడైనచో క్షయవంటి రోగములకు త్రోవ మఱింత సుగమమగును. వైద్యుడీ మాట చెప్పి పంపెను. ఆ రాత్రి శిల్పి భార్య మాకు ఫోను చేసినది. “అక్కా, రాత్రంతా కూర్చోనే దగ్గుతాండాడు. నా మాట ఇనడు. సారు చెప్తే ఇంటాడేమో, ఒకమాట చెప్పమనక్కా” అని కంట తడి పెట్టినది. మా వారు వెంటనే మిత్రుని పిలిచి హితవు చెప్పబోయిరి. అటునుండి వచ్చిన జవాబిది: “నువ్వు నోట్లో సిగరెట్టు పెట్టుకోని నాకు చెప్తాండావా అప్పా?”

ఆ ప్రశ్నకు మా వారియొద్ద సమాధానము లేకపోయెను. చేతిలోని దానిని ఆర్పి, చాలసేపు మాటలాడక కూర్చుండిరి. మఱునాటి కొలువులో నెనమండుగురును కలిసి మానవలెనని నిశ్చయమైనది. ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమున నవంబరు 22వ తేదీన తొలి టెస్టు ఆట మొదలు కానుండెను; అదే ముహూర్తము. నియమమును బట్టల వర్తకుడు కల్పించెను. ఆనాడు పొగ త్రాగినవాడు సాయంకాలపు చర్చకు రావచ్చును, వినవచ్చును. నోరు మాత్రము విప్పరాదు. జరిమానా రూపాయలలో నున్నయెడల వారిలో నొకరిద్దఱు ముందుగనే చెల్లించి త్రాగియుందురని మా నమ్మకము. మాటలాడక యుండుట యన్ననో, వారికి ప్రాణసంకటము!

రెండవ యేర్పాటు మఱింత యుపయోగపడినది. పొగమీదికి మనసు పోయినప్పుడు తక్షణమే ఎనమండుగురిలో నొకరికి ఫోను చేసి యాటను గూర్చి యొక ప్రశ్న వేయవలెను. పిలువబడినవాడు విసుగుకొనక బదులు చెప్పవలెను. ఇందు యుక్తి లేకపోలేదు. పొగాకులోని నికోటిను లేమిచే పుట్టెడు తహతహ గంటలకొలది నిలిచియుండదు. కొన్ని నిమిషములు ఉప్పొంగి చల్లారును. టెస్టు ఆటలో గంటకు 15 ఓవరులు వేయవలెనను నియమము గలదు. అనగా ఓవరునకు నాలుగు నిమిషములు. “ఒక ఓవరు ఓర్చుకుంటే చాలు” అనుట వారిలో వాడుకమాట యైనది. మొదటి మూడు దినములు గడ్డుకాలము. పిమ్మట మూడు నాలుగు వారములలో తలనొప్పి, చిరాకు, నిద్రలేమి క్రమముగా తగ్గును. కడపటి బీడీ పాఱవైచిన 20 నిమిషములకే గుండెవేగము కుదుటబడ నారంభించును; 12 గంటలలో రక్తమునందలి కార్బన్ మోనాక్సైడు మామూలు స్థాయికి దిగును; ఏడాది గడచినచో గుండెజబ్బు భయము పొగ త్రాగువానికున్నదానిలో సగమగును. బీడీ ఆకుతో చుట్టబడినది గనుక సిగరెట్టుకంటె మేలని మనవారనుకొనుట వట్టి భ్రమ. తునికాకు త్వరగా ఆఱిపోవును. ఆఱకుండ పలుమాఱు గట్టిగా పీల్చుటచే విషము మఱింత లోనికి బోవును.

అసలు పరీక్ష మెల్బోర్ను ఆటతో వచ్చినది. డిసెంబరు 26వ తేదీన మన గడియారము ప్రకారము తెల్లవారుజామున అయిదింటికే ఆట మొదలు. చలికాలము, చీకటి, చేతిలో వేడి టీ; ఇంతకంటె పొగకు మంచి సమయము వేఱొకటి గలదా? కాబట్టి మేము టీని కొన్నాళ్లకు నిలిపి, అల్లము వేసిన మజ్జిగయు, వేయించిన బొరుగులును పెట్టితిమి. జేబులలో సిగరెట్టుపెట్టె యుండుచోట ఉప్పుటుసిరి ముక్కల పొట్లము వేసితిమి. మొదట గొణిగిరి, పిదప అలవాటు పడిరి.

విశాఖపట్టణపు కుఱ్ఱవాడు నితీశ్ కుమార్ రెడ్డి జట్టులోనికి వచ్చిన దినము లవి. పెర్తు మొదటి యిన్నింగ్సులో భారతజట్టు 150 పరుగులకే కూలగా, అందు 41 వాని వయ్యెను. అదియే యందఱిలో నెక్కువ. రైల్వే ఆయనకు వాడు నచ్చలేదు. సగము బౌలరు, సగము బ్యాటరు, రెండు పడవలలో కాళ్లు పెట్టినవాడని తీర్పు. శిల్పి యొప్పుకొనలేదు: “కాలు చూడప్పా, కాలు! పాదం సరిగా కుదిరితే విగ్రహం దానంతట అదే నిలబడతాది.” డిసెంబరు 28వ తేదీన ఎనిమిదవ స్థానమున వచ్చి యాడుచున్న యా పిల్లవాడు 99 పరుగులవద్ద నుండగా అవతలివైపు బుమ్రా ఔటై పోయెను. మిగిలిన వాడు హైదరాబాదు సిరాజు ఒక్కడే. కమిన్సు వేయవలసిన బంతులు మూడు. ఆ మూడు బంతులకు మా యరుగుమీద గాని, ఆళ్లగడ్డలోని ఫోనులో గాని ఊపిరి చప్పుడైన వినబడలేదు. మా వారి చేయి జేబులోనికి బోయి ఉసిరిముక్క పట్టుకొని వచ్చెను. సిరాజు నిలిచెను, తరువాత బోలాండు బంతిని నితీశు నాలుగు పరుగులకు గొట్టి నూఱు పూర్తి చేసెను. కొడుకు ఆటకొఱకు ఉద్యోగము విడిచిన తండ్రి ప్రేక్షకులలో నిలిచి కన్నీరు కార్చుట మేమును చూచితిమి. అప్పుడు మాత్రము ఈ యాటను నిందింప మాకు నోరు రాలేదు.

రెండు దినములకు, అనగా 30వ తేదీన, భారతజట్టు 184 పరుగుల తేడాతో ఓడినది. సహోద్యోగులలో నొకరు ఆ దుఃఖముతో బడినుండి వచ్చుచు దారిలో ఒకటి కాల్చిరి. ఎవ్వరు నడుగకుండగనే వచ్చి మూలను కూర్చుండి మౌనము పూనిరి. తక్కినవారు ఎత్తిపొడుతురేమో యని మేము జంకితిమి. శిల్పి మాత్రము ఫోనులో, “ఒకసారి సున్నాకు ఔటైతే ఊరికి పంపించేస్తారా? రేపు మళ్లీ ప్యాడ్లు కట్టుకో సారూ” అనెను. ఆయన కట్టుకొనిరి.

మన పెద్దలు వ్యసనములు ఏడని లెక్కించిరి. జూదము, వేట, పానము మొదలైనవి యందున్నవి గాని పొగ లేదు. ఉండుట కవకాశమును లేదు. ఆ మొక్క అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి యోడలలో వచ్చి యెన్నో శతాబ్దములు కాలేదు. అయినను వ్యసనము వదలు తీరు మాత్రము భారతము అరణ్యపర్వములోని నలోపాఖ్యానమున గలదని మా యూహ. కలి పట్టిన నలుడు ఒంటరిగా నున్నంతకాలము విడివడలేదు. రథము మీద ఋతుపర్ణునితో గూడ పోవుచుండగా, ఆ రాజు తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూచినంతనే లెక్కచెప్పి, అక్షహృదయమును నలునకు నేర్పగా, అప్పుడుగదా కలి విషము గ్రక్కి వెలువడెను! అంకెలు చెప్పెడు తోడొకడు పక్కన నుండుట సామాన్యమైన సాయము కాదు. ఈ మాట మేము చెప్పగా మా వారు నవ్వి, రైల్వే ఆయనకు ఋతుపర్ణుడని పేరు పెట్టిరి.

పొగాకునకును ఈ యాటకును పూర్వము చాల సఖ్యముండెను. 1977-78 నాటినుండి విల్సు సిగరెట్ల పేర నొక పందెపు కప్పు నడచినది. 1996లో మనదేశమున, పాకిస్థానమున, శ్రీలంకలో జరిగిన ప్రపంచకప్పునకును ఆ పేరే. మన జట్టువారి చొక్కాలమీదను ఆ పేరే యుండెడిది. 2001లో ఆ సంస్థ తప్పుకొనినది. 2003 నాటి చట్టము పొగాకు ప్రకటనలను నిషేధించినది. 2008 అక్టోబరు 2వ తేదీనుండి బహిరంగస్థలములలో పొగ త్రాగుటయు నిషిద్ధము. మా యరుగుమీది పెద్దలు తమ పదునాఱవ యేట ఆ చొక్కాలను చూచి మురిసినవారే. ప్రకటన యేమి చేయునో తెలియగోరువారు వారి నడుగవచ్చును.

ఫుట్‌బాలు లోకమున హాలెండు దేశీయుడు యోహాన్ క్రైఫు గొప్ప ఆటగాడును, అంతే గొప్ప పొగరాయుడును. 1991లో గుండెకు శస్త్రచికిత్స జరిగిన పిమ్మట సిగరెట్టు మాని, బార్సిలోనా జట్టు శిక్షకుడుగా మైదానపు టంచున కూర్చుండి చిన్నపిల్లవానివలె పుల్లమిఠాయి చప్పరించుచుండెడివాడు. పొగకు విరుద్ధముగా ప్రకటనలోను నటించెను. అయినను 2016లో ఊపిరితిత్తుల పుట్టచేతనే మరణించెను. అతని పుల్లమిఠాయి కథ చెప్పిన పిదప మా ఉసిరిముక్కలకు గౌరవము హెచ్చినది.

ఇందు గృహిణుల పాత్ర యేమని యడుగుదురేమో. జేబులు వెదకుట, బిడ్డ నెత్తిమీద చేయి వేయించి యొట్టు పెట్టించుట మాకు సమ్మతములు కావు. ఒట్టు పెట్టినవాడు మానడు, దాచుకొనును. దాచుట యలవాటైన పిదప పొగ యొకటి, బొంకొకటి, రెండు వ్యసనము లగును. మొదటి వారమున వారి చిరాకును కొంత సహింపవలెను. పప్పులో ఉప్పెక్కువైనదని కంచము నెట్టినను ఆ పలుకు నికోటినుదని తలచి యూరకుండవలెను. (నెల దాటినను అదే చిరాకున్నచో అది మగవారి సొంతము, దానికి మందు వేఱు.) తమవలన కాకున్నచో 1800-11-2356 అను ఉచిత ఫోనునంబరు గలదు, తెలుగునను మాటలాడి ధైర్యము చెప్పుదురు. నికోటిను జిగురుబిళ్లలును, వైద్యుడు వ్రాసి యిచ్చెడు మందులును గలవు. మందు పుచ్చుకొనుట పౌరుషమునకు లోపము కాదని మీరే చెప్పవలసియుండును.

ఏడాది గడచునప్పటికి ఎనమండుగురిలో అయిదుగురు పూర్తిగా మానిరి. ఇద్దఱు దినమున కొకటి రెంటికి దిగిరి. ఒకరు బీడీ మాని ఖైనీ పట్టి, తానును మానితినని వాదించుచున్నారు. నోటిపుట్టకు ఆ నమలుడే మూలము. పెనముమీదినుండి పొయ్యిలో పడుటను మానుట యని మేము లెక్కింపము. చర్చలో ఆయనకు మాట యిచ్చుటా, మానుటా యన్నది తేలలేదు. శిల్పికి రాత్రిదగ్గు తగ్గినది. ఱంపమునకు నీరు పోసి కోయుచున్నాడు, ముక్కునకు మాస్కు కట్టుచున్నాడు. పాడైన భాగము తిరిగి రాదనియు, పాడగుట మాత్రము నెమ్మదించుననియు వైద్యుని మాట.

వాదములు తగ్గలేదు సరికదా, పెరిగినవి. 2025 ఏప్రిల్ 28వ తేదీన జయపురమున వైభవ్ సూర్యవంశి యను పదునాలుగేండ్ల బాలుడు 35 బంతులలో నూఱు పరుగులు చేసినప్పుడు, మా వారు సంతోషింపలేదు. ఆ వయసువారు వారి తరగతిలో నలువదిమంది యున్నారు. “ఎనిమిదో తరగతి పిల్లవాణ్ని అన్ని లైట్ల కింద నిలబెడతారా?” అని రెండు రాత్రులు వాదించిరి. అదే యేట నితీశు ఐపీఎల్‌లో రాణింపక, జులైలో మోకాలి గాయముతో ఇంగ్లాండునుండి తిరిగివచ్చుటచే రైల్వే ఆయనకు మరల గొంతు లేచినది.

నవంబరు 2వ తేదీ రాత్రి మహిళల ప్రపంచకప్పు కడపటి ఆటకు ఆళ్లగడ్డవారు భార్యాబిడ్డలతో మా యింటికే వచ్చిరి. కడప జిల్లా పల్లెటూరి బాలిక శ్రీచరణి, ఎడమచేతి స్పిన్ను వేయునది, ఆ ఏప్రిల్‌లోనే తొలి వన్డే ఆడి, ఈ ప్రపంచకప్పులో 14 వికెట్లు తీసినది. ఆళ్లగడ్డ దాటి కొంత పోయినచో కడప సీమయే గనుక శిల్పి కుటుంబమునకు ఆమె పొరుగింటి పిల్లతో సమానము. దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి మనవారు గెలిచిరి. సందడి సద్దుమణిగినంతనే రైల్వే ఆయన, “ఒక ఏడాది ఎవరైనా వేస్తారు; రెండో ఏడు బ్యాటర్లు చేతిని కనిపెట్టేస్తారు” అని మొదలు పెట్టెను. అంతవఱకు ఆ చర్చలో ఎన్నడును నోరు విప్పని శిల్పి భార్య గుమ్మమునుండి, “మీరు మానిందీ ఇంకా ఏడాదే గదన్నా. రెండో ఏడు మిమ్మల్ని కనిపెట్టరా?” అనినది. ఆయన తడుముకొని, ఎడమచేతి స్పిన్నుల లెక్క యెత్తుకొనెను. ఆమెయు వదలలేదు. ఒంటిగంట దాటువఱకు దీపము లార్పుటకు వీలు లేకపోయెను. మానిపించిన టీని మేమే రెండుమాఱులు కాచి యిచ్చితిమి. జేబులు తడిమినవారెవరును కానరాలేదు.