మందు కంటె ముందు నమ్మకము

అంటువ్యాధిని అణచుటకు మంచి మందు, నేర్పరియగు వైద్యుడు, చాలినంత ధనము ఉన్నచో చాలునని మనము సాధారణముగా తలచుచుందుము. ఆఫ్రికా ఖండములోని కాంగో ప్రజాస్వామ్య గణతంత్రమున 2018లో ప్రబలిన ఎబోలా, ఈ తలపు ఎంత అసంపూర్ణమో తెలిపినది.

ఎబోలా ఆ దేశమున 1976లోనే బయటపడిన వ్యాధి. రోగి రక్తము, వాంతి మొదలగు దేహద్రవములను తాకుటవలన ఇది సోకును; మృతదేహమును తాకినను సోకును. కావున రోగిని వేరుగా ఉంచవలెను. అతనిని తాకినవారిని 21 దినములు కనిపెట్టి చూడవలెను. శవమును జాగ్రత్తతో ఖననము చేయవలెను. ఈ మూడు పనులలో ఒక్కటియు ప్రజల సమ్మతి లేనిదే సాగదు.

2018 ఆగస్టు 1న వ్యాధి ప్రకటింపబడిన ఉత్తర కివు ప్రాంతము, అప్పటికే ఏండ్ల తరబడి సాయుధ ముఠాల వాతబడి నలిగియుండెను. బేని పరిసరములలో 2014 నుండి ఊచకోతలు జరుగుచుండెను. నాడు తమ ప్రాణములకు అడ్డుపడని లోకము, నేడు వాహనముల బారులతో, సాయుధ రక్షకులతో ఏల వచ్చెనని జనులు శంకించిరి. 2018 డిసెంబరులో వ్యాధిని, అశాంతిని కారణముగా చూపి బేని, బుటెంబోలలో ఎన్నికలను వాయిదా వేసిరి. అచ్చటివారి ఓట్లు లేకయే కొత్త అధ్యక్షుడు పదవి స్వీకరించెను. శంక క్రోధముగా మారెను. 2019 ఫిబ్రవరిలో కట్వా, బుటెంబోలలోని చికిత్సాకేంద్రములపై దాడులు జరిగినవి. ఏప్రిల్ 19న ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన వైద్యుడు రిచర్డ్ ముజోకో బుటెంబో ఆసుపత్రిలో హతుడయ్యెను. దాడి జరిగినప్పుడెల్ల టీకాలు ఆగెను, రోగులను కలిసినవారి జాడ తప్పెను, వ్యాధి మరల విజృంభించెను.

మరి పరిస్థితి ఎట్లు చక్కబడినది? రోగిని కలిసినవారికిని, వారిని కలిసినవారికిని వలయముగా టీకాలు వేసిరి. మొత్తము మూడు లక్షలకు పైగా జనులు వాటిని పొందిరి. బంధువులు వెలుపలనుండియే రోగిని చూచి పలుకరించునట్లు పారదర్శకమైన గదులు అమర్చిరి. ఖననమునందు కుటుంబమునకు చోటిచ్చిరి. వ్యాధినుండి కోలుకొన్నవారే రోగుల శిశువులను పెంచి, ఇరుగుపొరుగులకు ధైర్యము చెప్పిరి. 2019 ఆగస్టునాటికి రెండు కొత్త ఔషధములు ప్రాణరక్షకములని పరీక్షలలో తేలినది. అయితే అవి బాగుగా పనిచేయుట రోగి తొందరగా వచ్చినప్పుడే. తొందరగా వచ్చుట నమ్మకమున్నప్పుడే.

2020 జూన్ 25న వ్యాధి ముగిసినట్లు ప్రకటించిరి. 3,470 మందికి సోకగా 2,287 మంది మరణించిరి. ఇంచుమించు ఆ కాలముననే ఆ దేశమున పొంగు ఆరువేలకు పైగా ప్రాణములను బలిగొన్నది. అందు పసిబిడ్డలే ఎక్కువ. ఇతర దేశములకు భయము గొలుపు వ్యాధికే ఇంత హడావుడి ఏలయని అచ్చటి తల్లి అడిగినచో, అది అజ్ఞానమని మనము త్రోసివేయరాదు. ఆ ప్రశ్నకు బదులు చెప్పగలిగిన వైద్యునికే ఆమె తలుపు తెరచును.