పాత గిటార్ ఒంటి మీది గీతలు

అమెరికన్ కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ గిటార్‌కి రెండు రంధ్రాలు. ఒకటి కంపెనీ పెట్టిన సౌండ్ హోల్. రెండోది ఆయన వాయించి వాయించి అరగదీసింది! 1969లో ఎవరో తాగిన మనిషి ఆయన పాత గిటార్‌ని తొక్కేస్తే, మార్టిన్ కంపెనీ ఎన్-20 మోడల్‌ని కంటితో చూడకుండానే 750 డాలర్లకు కొన్నారు నెల్సన్. కౌబాయ్ సినిమాల రాయ్ రోజర్స్ గుర్రం పేరు ‘ట్రిగ్గర్’ దానికి పెట్టుకున్నారు. ఇల్లు తగలబడ్డప్పుడు మంటల్లోంచి ఆయన బయటికి తెచ్చుకున్నవి రెండే: ఈ గిటార్, ఓ గంజాయి పొట్లం.

చిల్లు ఎందుకు పడిందంటే, అది నైలాన్ తీగల క్లాసికల్ గిటార్. వేళ్లతో మీటడానికి చేసింది కాబట్టి చెక్కకు అడ్డుగా పిక్‌గార్డ్ ఉండదు. ఆయనేమో తీగలు మీటే చిన్న బిళ్ల, అంటే పిక్ పట్టి వాయించారు. మొదట పాలిష్ లేచిపోయింది, ఆ తర్వాత కింది స్ప్రూస్ చెక్క అరిగింది. 1977 నుంచి దీని బాగోగులు చూస్తున్నది ఆస్టిన్ నగరంలోని గిటార్ల నిపుణుడు మార్క్ ఎర్లవైన్. లోపలి బద్దల్ని గట్టిపరుస్తారు, పైన పలచగా ల్యాకర్ పూత వేస్తారు. చిల్లును మాత్రం పూడ్చలేదు. పాత గిటార్ కొనగానే శాండ్‌పేపర్ కోసం పరిగెత్తేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

స్పెయిన్ ఫ్లమెంకో కళాకారుల ముందుచూపు వేరు. పాట మధ్యలో గోళ్లతో చెక్క మీద దరువు వేయడం వాళ్ల బాణీలో భాగం. అందుకే ఆ గిటార్ల ముఖం మీద ‘గోల్పెయాడోర్’ అనే పలచటి పలక అతికిస్తారు.

లక్క చుట్టరికం

ఏటికొప్పాక బొమ్మకీ, ఖరీదైన క్లాసికల్ గిటార్‌కీ ఒంటి మెరుపు ఒకే పురుగు నుంచి వస్తుందంటే నమ్ముతారా? మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద బతికే లక్క పురుగు అది. మన దేశంలో లక్క పంటకు జార్ఖండ్ పెట్టింది పేరు. రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో లక్క మీద పరిశోధనకు 1924లోనే ఓ సంస్థ పెట్టారు. ఏటికొప్పాకలో లేత్ మీద తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. గిటార్ పనివాళ్లు లక్కను స్పిరిట్‌లో కరిగించి, దూది చుట్టిన గుడ్డతో పొర మీద పొరగా రుద్దుతారు. దీన్నే ఫ్రెంచ్ పాలిష్ అంటారు. అన్నట్టు, మన తాతల నాటి గ్రామఫోన్ రికార్డులూ లక్కవే.

ఈ పూతలో ఓ సుగుణం ఉంది: కొత్త పొర పాత పొరను కాస్త కరిగించి అందులో కలిసిపోతుంది, అతుకు కనిపించదు. లోపం కూడా అక్కడే. స్పిరిట్‌కి కరిగేది శానిటైజర్‌కి మాత్రం కరగదా? చేతులు తడి ఆరకుండా గిటార్ పట్టుకుంటే వేలిముద్రలు పూతలో అచ్చుపడతాయి. దోమల మందుల్లో వాడే డీట్ రసాయనమైతే లక్కనే కాదు, ఇతర పూతల్నీ, ప్లాస్టిక్‌నీ కూడా మెత్తబరుస్తుంది.

తుపాకీ మందుకు తమ్ముడు

1846లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త దూదిని ఆమ్లాలతో కలిపి నైట్రోసెల్యులోజ్ చేసే పద్ధతి కనిపెట్టాడు. తుపాకీ గుండ్లను పేల్చింది అదే, నిప్పంటుకుంటే ఆరని పాత సినిమా రీళ్లూ దాంతో చేసినవే. 1920లలో అది త్వరగా ఆరే కార్ల రంగుగా, అంటే ల్యాకర్‌గా మారింది. కార్ల మీదికి వచ్చింది గిటార్ల మీదికి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. గిబ్సన్, మార్టిన్ లాంటి కంపెనీలు ఆ దశాబ్దంలోనే అందుకున్నాయి. పాత గిటార్ల తేనె పసుపు రంగులో చాలా భాగం ఈ ల్యాకర్ ముసలిదవడం వల్ల వచ్చిందే.

నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపితే సెల్యులాయిడ్. పాత పిక్‌గార్డ్‌లు దాంతోనే చేసేవారు. 2014 దాకా టేబుల్ టెన్నిస్ పోటీల బంతులూ దాంతోనే. కర్పూరం ఏళ్ల తరబడి నెమ్మదిగా ఆవిరైపోతుంటే సెల్యులాయిడ్ కుంచించుకుపోతుంది. మార్టిన్ కంపెనీ 1980ల దాకా పిక్‌గార్డ్‌ని పూత లేని చెక్కకే అతికించేది. అది కుంచించుకుంటూ చెక్కనూ లాగేది. అంచు వెంట సన్నగా చీలిక! పాత మార్టిన్ బేరానికి వస్తే ముందు చూడాల్సిన చోటు అదే.

ల్యాకర్‌కి చలి పడదు. చలిదేశంలో విమానం దిగిన గిటార్‌ని వెచ్చటి గదిలో గబుక్కున పెట్టె తెరిస్తే, కళ్ల ముందే గాజు పగిలినట్టు సన్నటి గీతలు పరుచుకుంటాయి. కొన్ని గంటలు పెట్టెలోనే ఉంచి, గది వేడికి అలవాటు కానివ్వాలి. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన గిటార్ల మీద ఇలాంటి గీతలు చూసి చెక్క పగిలిందని బెంగపడేవాళ్లున్నారు. తేడా తెలుసుకోవడం కష్టమేం కాదు. పూత పగుళ్లు ఎక్కువగా చెక్క నారకు అడ్డంగా పోతాయి, చెక్క చీలిక నార వెంటే పోతుంది. సౌండ్ హోల్‌లోంచి చిన్న అద్దం, టార్చి పెట్టి చూస్తే లోపలి వైపు చీలిక కనిపించిందా, అది పూత గొడవ కాదు. అప్పుడు బేరం సంగతి వేరే.

రబ్బరు పట్టీలున్న స్టాండ్ మీద ల్యాకర్ గిటార్‌ని నెలల తరబడి వదిలేస్తే రబ్బరులోని రసాయనం పూతను జిగటగా మారుస్తుంది. స్టాండ్ పట్టీలకు ఓ నూలుగుడ్డ చుట్టేస్తే సరి.

ఇవాళ్టి గిటార్లకు సూపర్ గ్లూ

ఇప్పుడొచ్చే గిటార్లలో ఎక్కువ భాగానికి పాలియురెథేన్, పాలియెస్టర్ పూతలే. గట్టివి, కానీ ల్యాకర్‌లా కొత్త పొరతో కలిసిపోవు. అందుకే రిపేరువాళ్లు సూపర్ గ్లూ చుక్కలు వాడతారు. 1942లో తుపాకీ గురిచూసే సాధనాల కోసం పారదర్శక ప్లాస్టిక్ వెతుకుతుండగా హ్యారీ కూవర్ బృందానికి దొరికిన పదార్థం ఇది. అన్నిటికీ అంటుకుంటోందని విసిగి పక్కన పడేశారు. 1958లో అమ్మకానికి వచ్చింది. సొట్టలో చుక్కచుక్కగా నింపి, ఆరాక అంచులకు టేపు వేసిన బ్లేడుతో మట్టం చేసి, నీళ్ల శాండ్‌పేపర్‌తో సన్నం నుంచి మరీ సన్నానికి వెళ్లి, చివర్లో పాలిష్ పెడతారు. ఒక్క జాగ్రత్త: పూత మొత్తం పోయి స్ప్రూస్ చెక్క బయటపడ్డ చోట ఈ గమ్ పోయకూడదు. నారలోకి ఇంకి నల్లటి మచ్చ అవుతుంది, అది ఇక పోదు.

ఏ పూతో తెలియకపోతే? పైకి కనిపించని చోట, దూది పుల్లతో కాస్త స్పిరిట్ తాకించండి. మెత్తబడితే లక్క కావచ్చు. స్పిరిట్‌కి చలించకుండా అసిటోన్‌కి కరిగితే ల్యాకర్. రెండింటికీ లొంగకపోతే పాలీ రకం. ముందు వైపు మాత్రం ఈ ప్రయోగాలు వద్దు.

ఉమ్మికి బహుమతి

మ్యూజియం నిపుణులు పాత చిత్రాల, శిల్పాల మీది మురికిని ఉమ్మితో తుడుస్తారు. మనిషి ఉమ్మి శుభ్రపరిచే శక్తి మీద 1990లో పోర్చుగల్ పరిశోధకులు రాసిన వ్యాసానికి 2018లో రసాయన శాస్త్రంలో, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్నోబెల్ బహుమతి వచ్చింది. పని చేసేది అందులోని ఎంజైములు. పూత చెక్కుచెదరని చోట చెమట జిడ్డుకు ఇదే చాలు. అసహ్యం అనుకుంటే తడిపి పిండిన మెత్తటి గుడ్డ. సిలికాన్ ఉన్న కారు, ఫర్నిచర్ పాలిష్‌లు మాత్రం ససేమిరా వద్దు. పగుళ్లలోకి దూరిన సిలికాన్ వల్ల రేపు ఎవరు పూత వేసినా గుంటలు గుంటలుగా విడిపోతుంది.

పూతను తుడవడం ఒక ఎత్తు, గీకేయడం ఇంకో ఎత్తు. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ తన గిబ్సన్ జె-160ఇ గిటార్‌కి 1967లో రంగురంగుల బొమ్మలు వేయించి, ఏడాది తిరక్కుండానే అంతా గీకించేశాడు. 1969లో మాంట్రియల్ హోటల్ గదిలో ‘గివ్ పీస్ ఎ ఛాన్స్’ పాడినప్పుడు ఆ ఉత్త చెక్క మీద తన బొమ్మ, భార్య యోకో బొమ్మ గీసి ఉన్నాయి. పూత గీకేస్తే శబ్దం విప్పారుతుందని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మందపు పూత చెక్కను అణచివేస్తుందన్న మాట నిజమే. కానీ గీకేటప్పుడు చెక్కా పలచబడుతుంది, పైగా అసలు పూత పోయిన పాత గిటార్‌కి మార్కెట్‌లో ధర పడిపోతుంది. లెనన్‌కి చెల్లింది మనకు చెల్లదు.

ఎలక్ట్రిక్ గిటార్ల ఫెండర్ కంపెనీ 1995లో కొత్త గిటార్లను కావాలని అరగదీసి అమ్మడం మొదలుపెట్టింది. ఆ గీతలకు అదనపు ధర! నలభై ఏళ్లు వాయించి సంపాదించుకున్న గీతలున్న గిటార్‌ని మాత్రం బేరంలో తగ్గించి అడుగుతారు మనవాళ్లు.

ఆ గీతలు నచ్చక వానాకాలంలో ఇంట్లో ల్యాకర్ స్ప్రే చేయాలనుకుంటే ఆగండి. గాలిలో తేమ ఎక్కువైతే ఆరుతున్న పూతలో నీరు చిక్కుకుని పాలలా తెల్లబడుతుంది. విశాఖ, కాకినాడల్లో అయితే వానాకాలం దాకా కూడా అక్కర్లేదు.