ఇంటికిని కారునకును మాటాడు రేడియో

పల్నాటి పెద్దలారా, వినుటకేగాక బదులు పలుకుటకును పనికివచ్చు రేడియోను గూర్చి నేడు చెప్పదలచితిని. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన శ్రీమతి భారతీప్రసాదుగారు పోర్టుబ్లెయిరులో నుండిరి. టెలిఫోనులు మూగవోయినను, ఆమె సెట్టు ద్వారా దీవుల వార్తలు దేశమునకు చేరినవి.

ఇట్టిదానిని హామ్ రేడియో యందురు. దీనికి కేంద్రప్రభుత్వపు పరీక్షయు లైసెన్సును కావలెను; 12 ఏండ్లు నిండినవారు పరీక్షకు పోవచ్చును. ఇంట మాటాడువారికి, కారున మాటాడువారికి వేరువేరు లైసెన్సులుండవలెను. దానిపై మిరప, ప్రత్తి బేరములు చేయరాదు. మనవారికిది కొంత కష్టమే! లైసెన్సు వలదనువారికి 446.0–446.2 మెగాహెర్ట్జుల చిన్న వాకీటాకీలు గలవు. అవి ఇంటికిని దాపుననున్న పొలమునకును సరి, అంతకు మించి ఆశింపరాదు.

ఇంటికి కారునకు నడుమ 144–146 మెగాహెర్ట్జుల హామ్ సెట్టు మేలు. వర్తకులు వాట్లను పొగడుదురు. నేను ఏరియలును చూడుమందును. ఈ తరంగములు ప్రాయికముగ చూపు ప్రసరించునంత మేరయే పోవును. నరసరావుపేట మైదానమున మేడపై నిలిపిన ఏరియలు చాల దూరము పలుకును. మాచెర్ల దాటి నల్లమల లోయలో దిగిన కారునకు 50 వాట్లున్నను కొండ అడ్డమే. కారులోపల చేతిసెట్టు పట్టి మాటాడిన, ఇనుపరేకు దాని బలమును చాలవరకు మ్రింగును. మూరెడుకన్న కొంచెము పొడవైన ఏరియలును కప్పు నడుమ నిలుపుడు. ఇంటికిని 12 వోల్టుల బ్యాటరీపై నడచు సెట్టునే కొనుడు. గాలివానకు మొదట పోవునది కరెంటు. ఉరుములు వినబడకమునుపే మేడమీది ఏరియలు తీగను సెట్టునుండి విప్పి, ఇంటి వెలుపల వేయవలెను.