సాంచా ఆగినా ఆగని ఒత్తిడి

సూరత్‌ నగరానికి తూర్పు వైపున, బార్డోలీ వెళ్లే దారిలో పర్వత్ పాటియా ఉంది. ఆ చుట్టుపక్కల, పక్కనే ఉన్న లింబాయత్‌లో తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు చాలాకాలంగా స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతోందంటే వారి సంఖ్యను ఊహించుకోవచ్చు. వీరిలో చాలామందికి మరమగ్గాలే జీవనాధారం. సిరిసిల్ల వైపు వీటినే సాంచాలు అంటారు. షిఫ్టు సాధారణంగా 12 గంటలు, కూలి నేసిన మీటర్ల లెక్కన. ఒక్కొక్కరు ఒకేసారి అనేక సాంచాలు చూసుకోవాలి. పోగు తెగినా, కరెంటు పోయినా సాంచాతో పాటు కూలి కూడా ఆగిపోతుంది.

ఇలా బతికేవారికి ‘నాలుగు రోజులు ఎటైనా వెళ్లి రండి’ అనే సలహా ఎందుకూ పనికిరాదు. అసలు ఒత్తిడే ఉండకూడదని కోరుకోవడం కూడా సరికాదు. బిగువు లేని పడుగు మీద బట్ట నేయలేమని నేతగాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. శరీరం విషయంలోనూ హాని చేసేది ఒత్తిడి రావడం కాదు, వచ్చింది దిగిపోకపోవడం.

పోగులు ఒక్కసారిగా తెగాయనుకుందాం. క్షణాల్లో మెదడు నుంచి నరాల ద్వారా మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులకు ఆదేశం వెళుతుంది. అడ్రినలిన్ విడుదలై గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. ‘పోరాడు లేదా పారిపో’ అనే ఈ స్పందనను వాల్టర్ కానన్ 1915లో వెలువరించిన పుస్తకంలో వివరించారు. కొన్ని నిమిషాలకు రెండో దశ మొదలవుతుంది. హైపోథాలమస్ పీయూష గ్రంథిని, అది మళ్లీ అడ్రినల్ గ్రంథులను ప్రేరేపిస్తే కార్టిసాల్ అనే హార్మోన్ రక్తంలో చేరుతుంది. విశేషమేమిటంటే, ఈ కార్టిసాలే మెదడుకు చేరి ‘ఇక చాలు’ అని చెబుతుంది. అంటే బ్రేకు కూడా ఈ వ్యవస్థలోనే ఉంది.

ఒక చికాకు తగ్గకముందే మరొకటి వచ్చి పడితే ఆ బ్రేకు సరిగా పనిచేయదు. రకరకాల హానికర పరిస్థితులకు గురిచేసిన ఎలుకల్లో అడ్రినల్ గ్రంథులు ఉబ్బడం, జీర్ణాశయంలో పుండ్లు పడటం హాన్స్ సెల్యే గమనించి 1936లో ప్రకటించారు. ఏళ్ల తరబడి సాగే ఒత్తిడి వల్ల శరీరంలో పేరుకునే ఈ అరుగుదలకు 1993లో బ్రూస్ మెక్‌యూవెన్, ఎలియట్ స్టెల్లార్ ‘అలోస్టాటిక్ లోడ్’ అని పేరు పెట్టారు. అధిక రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు, నిద్రలేమి, కుంగుబాటు దీనితో ముడిపడినవే.

సాంచాల షెడ్డులో ఈ అరుగుదలకు మొదటి కారణం మోత. అది తరచూ 90 డెసిబెళ్లు దాటుతుంది. మన దేశంలో కర్మాగారాలకు పెట్టిన 90 డెసిబెళ్ల పరిమితి 8 గంటల పనికి. ఇక్కడ పని 12 గంటలు. కంటికి రెప్ప ఉంది కానీ చెవికి లేదు. పెద్ద శబ్దాన్ని మెదడు ప్రమాద సంకేతంగానే తీసుకుంటుంది. ‘మాకు అలవాటైపోయింది’ అని కార్మికులు అంటారు. మనసుకు అలవాటైనా రక్తపోటు పెరగడం పూర్తిగా ఆగదు. పైగా ఆ అలవాటులో కొంత వినికిడి తగ్గడం వల్ల వచ్చినదీ కావచ్చు!

రెండోది రాత్రి షిఫ్టు. కార్టిసాల్ మామూలుగా తెల్లవారుజామున పెరిగి, నిద్ర లేచాక సుమారు అరగంటకు గరిష్ఠానికి చేరి, అర్ధరాత్రికి బాగా తగ్గుతుంది. రాత్రంతా సాంచాల ముందు నిలబడినవారు పడుకోబోయే వేళకు శరీరం మేలుకునే సన్నాహంలో ఉంటుంది. ఇరుకు గది, పగటి వెలుతురు, వీధి సందడి ఎలాగూ ఉన్నాయి. షిఫ్టులు తరచూ మారుతుంటే లోపలి గడియారం దేనికీ సర్దుకోలేదు.

మూడోది కంటికి కనిపించదు. పని భారం ఎక్కువై, దానిమీద అదుపు తక్కువైనప్పుడే ఒత్తిడి తీవ్రంగా ఉంటుందని రాబర్ట్ కరాసెక్ 1979లో ప్రతిపాదించారు. మీటరు కూలి సరిగ్గా అలాంటిదే. నూలు నాణ్యతా కరెంటూ కార్మికుడి చేతిలో లేవు, నష్టం మాత్రం అతనిదే. అందుకే ఉపాయాలన్నీ అతని నెత్తినే పెట్టడం న్యాయం కాదు. చెవులకు రక్షణ సాధనాలివ్వడం, యంత్రాలకు సకాలంలో మరమ్మతు చేయించడం, మధ్యలో విరామం ఇవ్వడం యజమాని చేయాల్సిన పనులు.

ఇక కార్మికుడికి సాధ్యమైనవి చూద్దాం. చెవిలో దూది వల్ల పెద్దగా ఉపయోగం లేదు. మెత్తని ఇయర్‌ప్లగ్‌లు సరిగా అమర్చుకుంటే మోత గణనీయంగా తగ్గుతుంది. టీలోని కెఫీన్ సగానికి తగ్గడానికి దాదాపు 5 గంటలు పడుతుంది. తెల్లవారుజామున 4కి తాగిన టీలో సగం 9 గంటలకు పడుకునేటప్పుడూ ఒంట్లోనే ఉంటుంది. కాబట్టి రాత్రి షిఫ్టులో చివరి టీ అర్ధరాత్రికి ముందే ముగించడం మంచిది. మద్యంతో నిద్ర త్వరగా పట్టినా ఆ తర్వాత మధ్యమధ్య చెదిరిపోతుంది. గుట్కాతో హాయి అనిపించేది నికోటిన్ తహతహ తీరడం వల్లే. గుండె వేగం మాత్రం పెరుగుతుంది.

షిఫ్టు దిగాక ఐదు నిమిషాలు, నిమిషానికి ఆరు శ్వాసల చొప్పున, ఊపిరి పీల్చే సమయం కన్నా వదిలే సమయం ఎక్కువ ఉండేలా చేయవచ్చు. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఖర్చులేని బ్రేకు ఇది.

ఛాతీలో నొప్పి వస్తే ఒత్తిడేలే అని వదిలేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దిగులు, నిరాసక్తత రెండు వారాలకు మించి కొనసాగితే వైద్యుణ్ణి కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో రోజంతా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఈ సేవ అందించే భాషల్లో తెలుగు కూడా ఉంది.