నడిసముద్రములో గుప్పెడు చక్కెర

నిజామాబాదు జిల్లాకు సముద్రతీరము లేదు. నిజాంసాగరు కాలువల నీటితో బోధన్ ప్రాంతపు చెరకు తోటలు పెరిగినవి. 1937లో బోధన్ ప్రక్కన శక్కర్‌నగర్‌లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారము ఒకప్పుడు ఆసియాలోని పెద్ద కర్మాగారములలో ఒకటిగా పేరొందినది, 2015లో మూతపడినది. చక్కెర తేనీటికి, మిఠాయికి పనికివచ్చునని ఎల్లరు ఎరుగుదురు. కాని ఓడ మునిగి, చిన్న పడవలో నడిసముద్రమున చిక్కుకొన్న వానికి చక్కెర రుచికొరకు కాక, ఒంటిలోని నీటిని కాపాడుటకు పనికివచ్చునని తెలిసినవారు తక్కువ.

1942 నవంబరు 23వ తేదీన బెన్ లోమండ్ అను వర్తక నౌకను అట్లాంటిక్ సముద్రములో జర్మను జలాంతర్గామి ముంచివేసినది. అందులో సేవకుడుగా పనిచేయుచుండిన పూన్ లిమ్ అను చైనా యువకుడొక్కడే బ్రతికెను. అతనికి దొరికినది చెక్కతెప్ప. దానిమీద కొన్ని బిస్కత్తు డబ్బాలు, సుమారు 40 లీటర్ల మంచినీరు, కొంత చాకొలెట్టు, ఒక సంచెడు చక్కెర బిళ్లలు ఉండెను. అవి తరిగిపోవుచుండగా అతడు గుడ్డపరచి వాననీరు పట్టెను. టార్చిదీపములోని తీగను వంచి గాలము చేసి చేపలు పట్టెను. 133 దినములు గడచిన పిమ్మట, 1943 ఏప్రిల్ 5వ తేదీన బ్రెజిల్ తీరమున జాలరులు అతనిని కాపాడిరి. అప్పటికిని అతడు తనంత తాను నడువగలిగెను.

చుట్టును అంతులేని నీరుండగా, 40 లీటర్ల నీటిని ఇంత జాగ్రత్తగా వాడుకొనవలసిన అవసరమేమి?

మూత్రపిండముల హద్దు

మామిడి ముక్కలను ఉప్పులో ఊరవేసినచో వానిలోని నీరు ఊటగా బయటకు వచ్చును. గాఢత తక్కువగా ఉన్నచోటినుండి నీరు ఎక్కువగా ఉన్నచోటికి పోవును. దీనినే ద్రవాభిసరణమందురు. సముద్రపు నీరు త్రాగిన వాని రక్తములో ఉప్పు పెరుగును. అప్పుడు శరీర కణములలోని నీరు ఇదే విధముగా బయటకు లాగబడును. మెదడు కణములు ముడుచుకొనుటచే మతి చలించును. పడవలోని వారు లేని తీరమును చూచి నీటిలోనికి దూకుట ఇందుచేతనే.

ఎక్కువైన ఉప్పును మూత్రపిండములు బయటికి పంపవా? పంపును. కాని వానికొక హద్దు కలదు. మూత్రమును చెరకు మోయు బండిగాను, ఉప్పు, యూరియా మొదలగు వానిని అందలి బరువుగాను భావింపుడు. బండి మోయగల బరువు ఇంతయని ఉన్నది. బరువు పెరిగినచో బండ్ల సంఖ్య పెంచవలెను. బండి యనగా ఇచట నీరు.

ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణములుండును. మనిషి మూత్రము ఎంత చిక్కబడినను ఉప్పు విషయములో అంతటి గాఢతను అందుకొనజాలదు. లీటరు సముద్రపు నీటిలోని ఉప్పుతోపాటు ఆనాటి మలినములను కూడ వెడలగొట్టుటకు సుమారు లీటరున్నర మూత్రము కావలసి యుండును. రాబడి ఒకటి, పోకడ ఒకటిన్నర. అందుచేత త్రాగినకొలదియు దాహము హెచ్చును.

రెండవ ప్రపంచ యుద్ధములో మునిగిన బ్రిటిషు ఓడల రక్షణ పడవల చరిత్రలను వైద్య పరిశోధకులు తరువాత పరిశీలించిరి. సముద్రపు నీరు త్రాగిన పడవలలో నూటికి సుమారు 39 మంది మరణించిరి. త్రాగని పడవలలో నూటికి సుమారు ముగ్గురే. పడవలన్నిటి కష్టములు ఒకే తీరున ఉండవు గనుక ఈ భేదమంతయు ఉప్పునీటివల్లనే కలిగినదని చెప్పరాదు. అయినను అది ఇచ్చు హెచ్చరిక స్పష్టమే.

ఆకలి కూడ నీటిని ఖర్చుచేయును

ఉప్పునీరు ముట్టకున్నను శరీరములో నీటి ఖర్చు ఆగదు. చెమట, ఊపిరి, మూత్రము అను మూడు దారుల అది పోవుచునే యుండును. ఇందు మూత్రమును కొంతవరకు తగ్గించు ఉపాయము కలదు. అచటనే చక్కెర ప్రవేశించును.

మెదడు ముఖ్యముగా గ్లూకోజుతో పనిచేయును. కాలేయములో నిలువయున్న పిండిపదార్థము ఉపవాసమున ఇంచుమించు ఒక దినములో తరిగిపోవును. తరువాత శరీరము తన కండరములలోని మాంసకృత్తులనే విరిచి గ్లూకోజు తయారుచేసికొనును. ఈ పనిలో యూరియా పుట్టును. యూరియా వెడలుటకు నీరు కావలెను. కనుక ఆకలిగొన్నవాడు తన కండలను మాత్రమే కాదు, తన నీటిని కూడ పోగొట్టుకొనుచున్నాడు.

ఆ యుద్ధ కాలముననే అమెరికాలో జేమ్స్ గ్యాంబుల్ అను వైద్య శాస్త్రజ్ఞుడు దీనిని స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన యువకులపై పరీక్షించెను. ఏమియు తినని వారితో పోల్చగా, దినమునకు 100 గ్రాముల గ్లూకోజు తీసికొన్న వారిలో మాంసకృత్తుల నష్టము సుమారు సగమునకు తగ్గెను. యూరియా తగ్గినది గనుక దానిని మోయవలసిన నీరును తగ్గెను. అనగా బండ్లకెత్తవలసిన బరువే తగ్గినది. గ్లూకోజును 100 గ్రాములకు మించి ఇచ్చినను లాభము అంతగా పెరుగలేదు.

చక్కెరవల్ల మరియొక చిన్న లాభము కలదు. చక్కెర అణువులో కార్బను, హైడ్రోజను, ఆక్సిజను ఉన్నవి. శరీరములో అది దహనమైనపుడు కార్బను డయాక్సైడు, నీరు ఏర్పడును. లెక్క ప్రకారము 100 గ్రాముల చక్కెర నుండి సుమారు 58 గ్రాముల నీరు పుట్టును. ఇది ఒక చిన్న గిన్నెడు మాత్రమే. దీనితో దాహము తీరదు. చక్కెర మంచినీటికి బదులు కానేరదు. ఉన్న నీరు మరికొంత కాలము నిలుచునట్లు చేయుటయే దాని పని.

చేపలు తినవచ్చునా?

మాంసకృత్తులు యూరియాను పుట్టించునని తెలిసిన పిమ్మట ఈ ప్రశ్నకు సమాధానము సులభము. త్రాగునీరు చాలినంత ఉన్నచో చేపలు తినవచ్చును. లేనిచో వానివలన నీటి ఖర్చు పెరుగును. 1972 జూన్ 15వ తేదీన గలాపగోస్ ద్వీపములకు పశ్చిమమున రాబర్ట్‌సన్ కుటుంబపు ఓడను తిమింగిల జాతి జంతువులు ఢీకొని ముంచినవి. ఆరుగురు మొదట రబ్బరు తెప్పలోను, అది పాడైన పిమ్మట మూడు మీటర్ల చిన్న పడవలోను కాలము గడిపిరి. తాబేళ్ల మాంసము తినిరి. వాన కురిసినపుడెల్ల నీరు పట్టిరి. 38వ దినమున జపాను చేపల ఓడ వారినందరిని రక్షించినది. వానలు పడియుండనిచో ఆ మాంసము వారికి అంత మేలు చేసి యుండెడిది కాదు.

నేడు అంతర్జాతీయ నియమముల ప్రకారము ఓడల రక్షణ పడవలలో మనిషికి 3 లీటర్ల మంచినీరు, 10,000 కిలోజౌళ్ల శక్తినిచ్చు ఆహారము ఉంచవలెను. ఆ ఆహారములో పిండిపదార్థము, చక్కెర, కొవ్వు ముఖ్యముగా ఉండి, మాంసకృత్తులు తక్కువగా ఉండుటకు కారణము పైని చెప్పినదే.

పడవలోనివారు గుర్తుంచుకొనవలసినవి

సముద్రపు నీరు త్రాగరాదు. మంచినీటితో కలిపియు త్రాగరాదు. పగలు నీడ కల్పించుకొని, పనులు చల్లని వేళకు ఆపుకొనవలెను. బట్టలను సముద్రపు నీటిలో తడిపి కట్టుకొన్నచో చెమట తగ్గును. సాయంకాలమునకు వానిని ఆరనీయవలెను. వాననీరు పట్టు గుడ్డకు ఉప్పు అంటియుండును గనుక మొదటి జల్లుతో దానిని కడిగి, తరువాతి నీటిని నిలువచేయవలెను. నీరు లేనపుడు చేపలు, మాంసము మానవలెను.

ఇవి దూరదేశపు నావికులకు మాత్రమే సంబంధించిన విషయములు కావు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తూర్పు గోదావరి తీరమును తాకిన తుఫానులో, వేటకు పోయిన జాలరులు వందలకొలది తిరిగి రాలేదు. అంతటి గాలికి పడవయే తల్లక్రిందులైనపుడు చక్కెర ఏమియు చేయలేదు. కాని యంత్రము చెడి, పడవ దారితప్పి, వెదకువారు వచ్చువరకు రెండు మూడు దినములు అధికముగా నిలువవలసి వచ్చినపుడు ఈ తెలివి ప్రాణము నిలుపగలదు. వేటకు బయలుదేరు పడవలో మంచినీటి పీపా ప్రక్కన, తడి తగులని డబ్బాలో కొంత చక్కెరయో బెల్లమో ఉంచుట పెద్ద ఖర్చు కాదు.

మంజీరనది బోధన్‌కు చేరువలోని కందకుర్తివద్ద గోదావరిలో కలియును. ఆ గోదావరి బంగాళాఖాతమున కలియును. సముద్రమెరుగని చెరకు పొలములకును, తీరము కానని పడవకును సంబంధమేమని అడుగువారికి ఆ డబ్బాయే సమాధానము.