రెండు నిమిషాల విమానయానం

స్కాట్లాండ్ ఉత్తర తీరానికి ఆవల ఉన్న ఆర్క్‌నీ ద్వీపసమూహంలో, వెస్ట్రే, పాపా వెస్ట్రే దీవుల నడుమ లోగన్ఎయిర్ సంస్థ 1967 నుంచి నడుపుతున్న విమానం, సుమారు 2.7 కిలోమీటర్ల దూరాన్ని రెండు నిమిషాల్లోపే దాటుతూ, ప్రపంచంలోకెల్లా అతి చిన్న షెడ్యూల్డ్ సర్వీసుగా పేరొందింది. ఐలాండర్ అనే ఈ రెండింజన్ల విమానం పొట్టి రన్‌వే నుంచే లేవగలదు కనుక చిన్న దీవులకు ఎంతో అనువైనది. ఎనిమిది మంది పట్టే అందులో ఒకరికి పైలట్ పక్కనే చోటు దొరకవచ్చు. అయితే ఈ సర్వీసును వింతగా మాత్రమే చూడటం అన్యాయం. ఉపాధ్యాయులు, వైద్యులు, రోగులు ఆధారపడే ఈ మార్గం టికెట్ల రాబడితోనే నిలవడం కష్టం కాబట్టి, లాభం లేకున్నా ప్రజలకు తప్పనిసరైన రాకపోకలకు ప్రభుత్వ ధనం సమకూర్చే 'ప్రజాసేవా బాధ్యత' అనే ఏర్పాటు కింద స్థానిక మండలి దానిని పోషిస్తోంది.