నాయన ముళ్లమొక్క పిల్లలు

మా హోసూరు ఇంటి మేడమీద నాయన పెంచిన ముళ్లమొక్క ఒకటి ఉండేది. కాక్టస్‌లలో మామిల్లేరియా రకం. పిడికిలంత గుండ్రటి మొక్క, నెత్తిన చుట్టూ చిన్న పూలు, తర్వాత బుల్లి పండుమిరపల్లాంటి ఎర్రటి కాయలు. 2019లో నాయన పోయారు. 2021 నవంబరు ముసురుకు మొక్క మొదలంటా కుళ్ళిపోయింది. నేనప్పుడు బ్యాంకు బదిలీమీద సేలంలో ఉన్నాను. మిగిలినవి ఆ వేసవిలో అమ్మ కోసి ఎండబెట్టి, పాత కవరులో దాచిన గింజలే.

మొలిపించడం కష్టం కాలేదు. 2022 ఫిబ్రవరిలో, అడుగున చిల్లులున్న మట్టిమూకుడులో, మరిగే నీళ్లు పోసి చల్లార్చిన ఇసుకమట్టిమీద గింజలు చల్లి పాలిథీన్ కాగితం కప్పాను. రెండు వారాల్లో ఆవగింజలంత పచ్చటి బొట్లు నలభై ఒకటి లేచాయి. లెక్క తప్పదు, వృత్తి అలాంటిది!

మార్చి నాటడం దగ్గర వచ్చింది చిక్కు. మూడో నెలకే ఆత్రపడి ఇరవై మొలకల్ని తీసి, ఒక్కొక్కదాన్నీ ఒక్కో పెద్ద కుండీలో పెట్టి, ఆ సాయంత్రమే నిండా నీళ్లు పోశాను. వంగనారు నాటితే పోయమా మరి! పది రోజుల్లో పదిహేడు మొలకలు మొదట్లో నీరుపట్టి, గోధుమరంగుకు తిరిగి ఒరిగిపోయాయి. అమ్మ చూసి, "మీ నాయన దాన్ని ఊరికే కదిలించేవాడు కాదు కదరా" అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత తెలిసివచ్చింది. ఈ మొలకల వేళ్లు వెంట్రుకలంత సన్నం. పెకలించేటప్పుడు కొన్ని తెగక తప్పదు. ఆ గాయం మానకముందే తడి తగిలితే బూజు లోపలికి పోతుంది. పెద్ద కుండీలో మట్టి ఎక్కువ, వేరు తక్కువ గనక తడి ఎన్నాళ్లకూ ఆరదు.

మిగిలిన ఇరవై ఒక్కటినీ ఏడాదిపాటు మూకుడులోనే ఉంచాను. పాలిథీన్ ఒక్కసారిగా తీయకుండా రోజూ కాసేపు తెరుస్తూ గాలికి అలవాటు చేశాను. 2023 ఫిబ్రవరికి శనగగింజంతయి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. అప్పుడు కదిపాను. వారం ముందునుంచి నీళ్లు మానేసి, చెంచా కాడతో అడుగునుంచి మట్టితో సహా లేపాను. ముదురు ఇసుక, ఇటుక నలుసులు రెండు పాళ్లు, మాగిన ఆకుఎరువు ఒక పాలు కలిపి చిన్న కుండీల్లో నాలుగేసి చొప్పున, మునుపున్న లోతులోనే పెట్టాను. వారం రోజులు చుక్క నీరు పోయలేదు, నీడలోనే ఉంచాను. బదిలీ అయినవాళ్లకు కొత్త ఊళ్ళో చేరడానికి గడువిస్తారు కదా, అదే అనుకోండి. ఆ తర్వాతైనా మట్టి పూర్తిగా ఎండితేనే నీళ్లు. పందొమ్మిది బతికాయి.

ఎండ సంగతి మొక్కే చెబుతుంది. ఎర్రబారితే ఎండ ఎక్కువని, పాలిపోయి పొడుగ్గా సాగితే వెలుగు చాలదని. మాకు పొద్దుటి ఎండ, మధ్యాహ్నం పచ్చవల సరిపోయాయి. ముళ్ల సందుల్లో దూదిలా పిండినల్లి కనబడితే స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచేయాలి. దీనికి దాయాది పురుగొకటుంది. దాన్నుంచి ఎర్రరంగు తీద్దామని పద్దెనిమిదో శతాబ్దం చివర్లో డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ మద్రాసు సైదాపేటలో నాగజెముడు తోటే వేయించాడు! నాకు మాత్రం అది కనబడితే ఒళ్ళు మండుతుంది.

మొన్న మాఘంలో రెండు కుండీల్లో మొగ్గలు కట్టాయి. అమ్మ ఒక కుండీని తన కిటికీలోకి తెచ్చుకుంది. కుప్పంలో ఉన్న చెల్లెలు తనకూ ఒక కుండీ కావాలంటోంది. ఇస్తాను, ముందు పూత అయిపోనీ.